లొంగుబాటు షరతులు రాసిన ఆదివాసీ చెయ్యి

పిల్లలూ, అమెరికాలో బానిసత్వం మీద జరిగిన అంతర్యుద్ధం అనగానే మీరు లింకన్ పేరు చెబుతారు. ఈలీ పార్కర్ పేరు కూడా గుర్తుంచుకోమని మేము కోరుతున్నాం.

ఆయన 1828లో న్యూయార్క్ రాష్ట్రంలోని సెనెకా తెగలో పుట్టారు. న్యాయశాస్త్రం చదివినా, ఆదివాసీలకు పౌరసత్వం లేదని లాయరు కానివ్వలేదు. ఆయన ఇంజనీరయ్యారు. సైన్యంలో చేరతానంటే మొదట వద్దన్నారు. 1863లో చేరి, తర్వాత జనరల్ గ్రాంట్‌కు సైనిక కార్యదర్శి అయ్యారు. 1865 ఏప్రిల్ 9న అపొమాటొక్స్‌లో దక్షిణాది సేనాని లీ లొంగిపోయినప్పుడు షరతుల తుది ప్రతి రాసింది పార్కరే.

ఆ డిసెంబరులో బానిసత్వం రద్దయింది. 1869లో ఆయన ఆదివాసీ వ్యవహారాల కమిషనర్ అయ్యారు. ఆ పదవిలో తొలి ఆదివాసీ ఆయనే. అయినా అక్కడి ఆదివాసీలందరికీ పౌరసత్వం 1924లోగానీ రాలేదు. పార్కర్ 1895లోనే కన్నుమూశారు.

హక్కు ఆలస్యమైనా ఆయన చదువు వృథా కాలేదు. మీ చదువూ ఆపకండి.