లెక్కల నుంచి లా దాకా: దామోదరం సంజీవయ్య చదువు దారి

ఇంటర్ ఫలితాలు రాగానే జలంత్రకోట, పలాస, టెక్కలి వైపు దళితవాడల్లో ఒకటే ప్రశ్న: ఏ కోర్సులో చేరాలి? జీడి కార్ఖానాలకు కూలికెళ్లే తల్లిదండ్రులకు అది ఫీజు ప్రశ్న కూడా. ఇంటిలో మొదటిసారి కాలేజీ గడప తొక్కే పిల్లలకు దారి చెప్పేవాళ్లు తక్కువ. స్నేహితుడు చేరిన కోర్సులోనే చేరిపోతారు. అలాంటి పిల్లలు దామోదరం సంజీవయ్య చదువు గురించి తెలుసుకోవాలి.

ఆయన 1921 ఫిబ్రవరి 14న కర్నూలు దగ్గర పెదపాడులో, సెంటు భూమి లేని దళిత కుటుంబంలో పుట్టారు. పసికందుగా ఉండగానే తండ్రి పోయారు. కర్నూలు మున్సిపల్ హైస్కూల్లో చదివి, అనంతపురం దత్తమండల కళాశాలలో గణితం, ఖగోళశాస్త్రం తీసుకుని డిగ్రీ చేశారు. యుద్ధకాలంలో తాత్కాలిక ఉద్యోగాలతో నెట్టుకొచ్చారు. ఆ తర్వాతే మద్రాసు లా కాలేజీలో చేరారు. ఉపకారవేతనం చాలక ఒక హైస్కూల్లో లెక్కలు చెప్పారు. డిగ్రీలో చదివిన గణితమే లా చదువుకు అన్నం పెట్టింది. 1948లో లా పట్టా వచ్చింది.

1950లో తాత్కాలిక పార్లమెంటు సభ్యుడయ్యారు. 1960 జనవరి 11న, 39 ఏళ్లు నిండకముందే, ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. దేశంలో తొలి దళిత ముఖ్యమంత్రి ఆయనే. వృద్ధాప్య పింఛన్లు ఆయన హయాంలోనే మొదలయ్యాయి. కేంద్ర కార్మిక మంత్రిగా ఉండగా 1965 బోనస్ చట్టం వచ్చింది. కార్ఖానా కూలీలు బోనస్ అడగడానికి దశాబ్దాల పాటు ఆధారం ఆ చట్టమే. 1972 మేలో ఆయన కన్నుమూశారు.

ఆయన చదువు నుంచి మనం తీసుకోవాల్సింది ఒకటుంది. డిగ్రీ సబ్జెక్టు రేపటి తిండికి ఉపయోగపడాలి, ఎల్లుండి వేరే దారి పట్టడానికీ అడ్డం కాకూడదు. కోర్సులో చేరేముందు అడగాల్సినవి ఈ రెండే.

విశాఖ దగ్గర సబ్బవరంలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరే పెట్టారు. అక్కడి అయిదేళ్ల కోర్సుకు ఇంటర్ ఏ గ్రూపైనా పనికొస్తుంది. ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం మార్కులుంటే ప్రవేశ పరీక్ష రాయొచ్చు. కానీ ఆ పరీక్ష, క్లాట్, ఇప్పుడు డిసెంబరులోనే జరుగుతోంది. ఇంటర్ ఫలితాలు వచ్చాక ఆలోచిస్తే ఆ ఏడాదికి అవకాశం పోయినట్టే. అలా పోయినవాళ్లు దిగులు పడనక్కర్లేదు. డిగ్రీ అయ్యాక లాసెట్ రాసి మూడేళ్ల లా చదవొచ్చు. సంజీవయ్య కూడా డిగ్రీ తర్వాతే లా చదివారు.