ఫాదర్ డేమియన్

పసిఫిక్ మహాసముద్ర మధ్యమున హవాయి ద్వీపములు కలవు. వానిలో మొలొకాయి యనునది యొకటి. ఆ ద్వీపమునకు ఉత్తరదిక్కున చిన్న ద్వీపకల్పము నాలుకవలె సముద్రములోనికి చొచ్చుకొని పోయియున్నది. దానికి మూడువైపుల సముద్రము. నాలుగవ వైపున గోడవలె నిటారుగా లేచిన సుమారు 2,000 అడుగుల కొండ. మనుష్యులను బంధింపదలచిన వారికి అంతకంటె మంచి చెరసాల దొరకదు. ఆ చోటికి 1873లో ఒక యువకుడు తనంత తానుగా వచ్చి, 16 సంవత్సరములు నివసించి, అచ్చటనే కన్నుమూసెను. వచ్చునాటికి అతడు నేరస్థుడు కాడు, రోగియు కాడు. అతడే ఫాదర్ డేమియన్.

డేమియన్ తొలిపేరు జోసెఫ్ డి వ్యూస్టర్. అతడు 1840 జనవరి 3వ తేదీన బెల్జియము దేశములోని ట్రెమెలో గ్రామమున జన్మించెను. తండ్రి సేద్యము చేయుచు ధాన్యపు వర్తకము సాగించుచుండెను. తల్లి గొప్ప భక్తురాలు. ఆమె పిల్లలను చుట్టు కూర్చుండబెట్టుకొని పునీతుల చరిత్రలు చదివి వినిపించెడిది. ఆ యింటి బిడ్డలలో పలువురు మఠములలో చేరిరి. జోసెఫ్ మాత్రము వర్తకమునందు తనకు చేదోడుగా నిలుచునని తండ్రి తలచెను. కాని జోసెఫ్ మనస్సు అన్నగారి మార్గమునే కోరెను. 1859లో అతడు లూవేన్ నగరమునకు పోయి, అన్న చేరియున్న తిరుహృదయముల సభలోనే తానును ప్రవేశించెను.

కతోలిక మఠములలో చేరువారు పూర్వపు పేరు విడిచి క్రొత్త పేరు ధరించుట ఆనాటి ఆచారము. మూడవ శతాబ్దమున కాస్మాస్, డేమియన్ అను వైద్యసోదరులు రోగులవద్ద కాసైనను పుచ్చుకొనక చికిత్స చేసిరని క్రైస్తవ సంప్రదాయము చెప్పుచున్నది. వారిలో ఒకరి పేరు జోసెఫ్‌కు లభించెను. 1860లో అతడు పేదరికము, బ్రహ్మచర్యము, విధేయత యను మూడు వ్రతములను స్వీకరించెను. ఆ సమయమున వ్రతధారిని నేలపై సాష్టాంగముగ పరుండబెట్టి, శవముపై కప్పెడి నల్లని వస్త్రమును కప్పుదురు. నేటినుండి ఇతడు లోకమునకు మరణించినాడని దాని యర్థము. ఇరువది యేండ్ల యువకునకు ఆ వస్త్రము క్రింద పరుండిన క్షణము జీవితాంతము జ్ఞాపకముండెను.

1863లో ఆ సభవారు హవాయి దీవులకు కొందరు గురువులను పంప నిశ్చయించిరి. వారిలో డేమియన్ అన్నగారును ఒకడు. కాని ప్రయాణమునకు ముందు ఆయన రోగులకు ఉపచారము చేయుచు విషజ్వరమున పడెను. డేమియన్ అప్పటికి ఇంకను విద్యార్థియే, గురుపట్టము పొందలేదు. అయినను అన్నకు బదులుగా తన్ను పంపుమని, దగ్గరి అధికారులను దాటి, సభాధ్యక్షునకే నేరుగా లేఖ వ్రాసెను. అధ్యక్షుడు సమ్మతించెను. డేమియన్ తల్లి యొద్ద సెలవు తీసికొని ఓడ యెక్కెను. ఆమెను అతడు మరల చూడలేదు. నాలుగు నెలలకు మించిన సముద్రయానము తరువాత 1864 మార్చి 19న హొనొలులు రేవు చేరెను. ఆ మేనెలలో గురుపట్టము పొంది, హవాయి పెద్ద దీవిలో తొమ్మిది సంవత్సరములు పనిచేసెను. ఆ ప్రజల భాష నేర్చెను; గుఱ్ఱముపై కొండలు దాటెను; స్వహస్తములతో దూలములు మోసి, గోడలు లేపి, దేవాలయములు కట్టెను.

ఆ కాలమున హవాయి ప్రజలకు పెద్ద యాపద కలిగియుండెను. విదేశీయుల ఓడలతోబాటు, ఆ దీవులు అంతకుముందెరుగని వ్యాధులును వచ్చెను. వానికి తట్టుకొను శక్తి లేక ప్రజలు వేలకొలది మరణించిరి. వానిలో కుష్ఠువ్యాధి మిక్కిలి భయంకరముగ తోచెను. దానికి అప్పుడు మందు లేదు. అది వ్యాపించు విధమును ఎవరును ఎరుగరు. 1865లో హవాయి ప్రభుత్వము కుష్ఠరోగులను వేరుపరచు శాసనము చేసెను. 1866 జనవరిలో మొదటి 12 మంది రోగులను మొలొకాయి దీవిలోని కలావావొ అనుచోట దింపిరి. ఆ పిమ్మట ఓడ వెంట ఓడ వచ్చుచునే యుండెను. భార్యనుండి భర్తను, తల్లినుండి బిడ్డను విడదీసిరి. కొందరు ఆరోగ్యవంతులు తమవారిని విడువలేక వారివెంటనే పోయిరి.

రోగులే సేద్యము చేసికొని బ్రతుకుదురని ప్రభుత్వము తలచెను. కాని వ్రేళ్లు పోయినవారు నాగలి పట్టగలరా? ఇండ్లు లేవు, నీరు దూరము, వైద్యుడు లేడు. ఆశ లేనిచోట ధర్మమును నిలువదు. బలవంతుడు బలహీనుని దోచుకొనెను. ఈ చోట చట్టము లేదని రోగులలో ఒక సామెతయే పుట్టెను.

1873 మే నెలలో మావి దీవియందు ఒక క్రొత్త దేవాలయ ప్రతిష్ఠకు గురువులు కూడిరి. అచ్చట బిషప్పు మెయిగ్రె కలావావొ రోగుల మాట యెత్తెను. తమకు గురువు కావలెనని వారు కోరుచుండిరి. కాని అచ్చటికి పొమ్మని ఎవ్వరిని ఆజ్ఞాపించుటకును బిషప్పునకు మనసొప్పలేదు. నలుగురు యువగురువులు తమంత తాము ముందునకు వచ్చిరి. వంతులవారిగా పోవుటకు ఏర్పాటు జరిగెను. మొదటి వంతు డేమియన్‌ది. మే 10న అతడు మొలొకాయి తీరమున దిగెను. నిలువ నీడలేక కొన్నిదినములు దేవాలయము ప్రక్కనున్న మొగలిజాతి చెట్టు క్రింద నిద్రించెను. కొలదికాలములోనే, తాను అచ్చటనే యుండిపోవుదునని పై అధికారులకు వ్రాసెను. రెండవవాని వంతు రానే లేదు.

మొదటి దినములు దుర్భరముగ గడచెను. రోగుల గుడిసెలలోని దుర్గంధమునకు తాళలేక అతడు బయటికి వచ్చి గాలి పీల్చుకొనవలసి వచ్చెడిది. ఆ వాసన తెలియకుండుటకై పొగాకు గొట్టము కాల్చుట అలవాటు చేసికొనెను. రోగులను తాకరాదని ఆయనకు పెద్దలు హెచ్చరిక చేసియుండిరి. కాని తాకకుండ పుండు కడుగుట యెట్లు? మరణించువానికి అభ్యంగనము చేయుట యెట్లు? చేమదుంపల ముద్దను ఒకే కుండనుండి తినుట హవాయి ప్రజల మర్యాద. ఆ కుండను త్రోసివేసినవాడు వారిని త్రోసివేసినట్లే. డేమియన్ ఆలోచించి నిశ్చయించుకొనెను. వారి కుండలోనే చేయి పెట్టెను. నాటినుండి ప్రసంగములలో వారిని సోదరులారా యని పిలుచుట మాని, కుష్ఠరోగులమైన మనము అని చెప్పసాగెను. తెలుగున మేము, మనము అని రెండు మాటలు కలవు. ఒకటి వినువానిని బయట నుంచును. రెండవది లోనికి చేర్చుకొనును. డేమియన్ తలచినది ఆ రెండవ మాటయే. అప్పటికి ఆయన దేహమున రోగచిహ్నము ఏదియు లేదు.

ఆ మాటకు మూల్యము వెంటనే చెల్లింపవలసి వచ్చెను. డేమియన్ దీవి దాటి పోరాదని ఆరోగ్యశాఖవారు శాసించిరి. కతోలిక మతమున ప్రతి విశ్వాసియు, గురువు సైతము, వేరొక గురువుచెంత తన దోషములను రహస్యముగ చెప్పుకొనవలెను. దీనికి పాపసంకీర్తనమని పేరు. విన్న గురువు ప్రాణము పోయినను దానిని బయటపెట్టరాదు. ఒకనాడు డేమియన్ పై అధికారి ఓడలో ఆ తీరమునకు వచ్చెను. నౌకాధిపతి ఆయనను దిగనీయలేదు. డేమియన్ చిన్న పడవలో ఓడ దగ్గరకు పోయెను, ఆయనను ఎక్కనీయలేదు. ఇక వేరుదారి లేదు. డేమియన్ ఊగుచున్న పడవలో నిలుచుండి, ఓడ అంచున వంగియున్న గురువునకు వినబడునట్లు తన దోషములను బిగ్గరగా చెప్పుకొనెను. రహస్యముగ జరుగవలసినది అందరియెదుట జరిగెను. గురువు పైనుండియే క్షమాపణ మంత్రము పలికెను. కొంతకాలమునకు ఆ కఠినశాసనము సడలింపబడినది.

గురువుగా వచ్చిన డేమియన్ వడ్రంగియు, తాపీపనివాడును, వైద్యసహాయకుడును అయ్యెను. 1874లో వచ్చిన పెనుగాలికి గడ్డిగుడిసెలు కూలగా, ప్రభుత్వమునుండి కలప తెప్పించి రోగులతో కలిసి ఇండ్లు కట్టెను. కొండవాగుల నీటిని గొట్టములద్వారా గ్రామమునకు రప్పించెను. తల్లిదండ్రులు లేని బాలబాలికలకు వసతిగృహములు నెలకొల్పెను. వాద్యబృందమును, గాయకబృందమును కూర్చెను. అంతకుముందు శవములను లోతులేని గుంటలలో పూడ్చుటచే జంతువులు వానిని పెరికెడివి. డేమియన్ శ్మశానమునకు కంచె వేసి, తానే గోతులు త్రవ్వి, తానే శవపేటికలు చేసెను. అట్టివి వందలకొలది. బ్రతికియుండగా మనిషిగా చూడబడనివానికి మరణించిన పిదపనైనను మర్యాద దక్కవలెనని ఆయన పట్టుదల. 1881లో లిలియువొకలాని రాకుమారి ఆ గ్రామమును దర్శించి, తిరిగిపోయిన పిమ్మట ఆయనకు రాజ్యబిరుదమును పంపెను.

డేమియన్ దోషములు లేనివాడు కాడు. ఆయనకు కోపము శీఘ్రముగ వచ్చెడిది. మొండితనము కలదు. కలపకును, వస్త్రములకును, మందులకును ఆయన తరచుగా పంపు అర్జీలతో ఆరోగ్యశాఖవారు విసిగిరి. ఆయన సభాధికారులు సైతము కొన్నిసార్లు ఆయనపై నొచ్చుకొనిరి. అయినను ఆ మొండితనమే లేకున్నచో, ఆ గ్రామమునకు నీటిగొట్టములు అంత త్వరగా వచ్చియుండెడివా యని యోచింపవలసియున్నది.

1884 డిసెంబరులో ఒకనాడు డేమియన్ పాదములను వేడినీటిలో పెట్టుకొనెను. నీరు సలసల కాగుచుండెను. చర్మము బొబ్బలెక్కెను, కాని ఆయనకు నొప్పి తెలియలేదు. స్పర్శ పోవుట కుష్ఠువ్యాధి లక్షణమని ఆయనకు వేరొకరు చెప్పనక్కరలేదు. కొలదివారములలో వైద్యులు దానిని నిర్ధారించిరి. పండ్రెండు సంవత్సరములుగా పలుకుచుండిన మనము అను మాట ఇప్పుడు అక్షరాల నిజమయ్యెను. ఆయన పని మానలేదు. కాలము కొంచెమే మిగిలినదని తెలిసి మరింత వేగముగ చేసెను.

చివరి సంవత్సరములలో తోడు లభించెను. 1886లో అమెరికా అంతర్యుద్ధమున పనిచేసిన జోసెఫ్ డటన్ వచ్చి ఆయనకు కుడిభుజముగ నిలిచెను. 1888 నవంబరులో మదర్ మరియన్ కోప్ అను సన్న్యాసిని తన సహచరులతో వచ్చి బాలికల భారము వహించెను. ఆమె కూడ రోగులను ప్రేమతో తాకినదే. కాని తన సోదరీమణులు చేతులు శుభ్రముగ కడుగుకొనవలెనని కఠినముగ నియమించెను. వారిలో ఎవరికిని ఆ వ్యాధి సోకలేదు. సేవకు ధైర్యము ఎంత అవసరమో జాగ్రత్తయు అంత అవసరమని ఆమె చరిత్ర తెలుపుచున్నది.

తన బిడ్డల బాధ్యతను స్వీకరించువారు వచ్చిరను తృప్తితో డేమియన్ 1889 ఏప్రిల్ 15న మరణించెను. అప్పటికి ఆయన వయస్సు 49 సంవత్సరములు. మొదటి రాత్రులు తాను నిద్రించిన చెట్టుక్రిందనే రోగులు ఆయనను సమాధి చేసిరి.

ఆయన మరణించిన కొన్నినెలలకే హొనొలులులోని వేరొక క్రైస్తవశాఖ బోధకుడు ఆయన శీలమును నిందించుచు లేఖ వ్రాసెను. ప్రసిద్ధ రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ అంతకుముందే మొలొకాయి పోయి, డేమియన్‌ను ఎరిగినవారితో మాటలాడియుండెను. ఆయన కతోలికుడు కాడు. అయినను 1890లో బహిరంగలేఖ ప్రకటించి, డేమియన్ లోపములను దాచకయే ఆయన ఘనతను లోకమునకు చాటెను.

డేమియన్ మొలొకాయిలో అడుగిడిన 1873లోనే నార్వేలో హాన్సెన్ అను వైద్యుడు కుష్ఠువ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని కనుగొనెను. దానికి తగిన మందులు వచ్చుటకు ఇంకను ఏడు దశాబ్దములు పట్టెను. హవాయిలో రోగులను బలవంతముగ వేరుపరచు పద్ధతి 1969లో అంతమొందెను. అప్పటికి సుమారు 8,000 మంది ఆ తీరమునకు పంపబడియుండిరి. నేడు కుష్ఠువ్యాధి మందులతో పూర్తిగా నయమగును; చికిత్స ఆరంభించిన కొలదికాలములోనే రోగి ఇతరులకు దానిని అంటింపజాలడు.

1936లో డేమియన్ అస్థికలను బెల్జియమునకు తీసికొనిపోయి లూవేన్ నగరమున ఉంచిరి. 1995లో ఆయన కుడిచేతి అవశేషము మొలొకాయికి మరలివచ్చి తొలి సమాధిలో నిక్షిప్తమయ్యెను. 2009 అక్టోబరు 11న పోపు పదునారవ బెనెడిక్టు ఆయనను పునీతునిగా ప్రకటించెను. కతోలికులు మే 10వ తేదీని ఆయన పండుగగా జరుపుకొందురు. సామాన్యముగ పునీతుల పండుగ వారు మరణించిన దినమున వచ్చును. డేమియన్ పండుగ మాత్రము ఆయన మొలొకాయి తీరమున దిగిన దినమున వచ్చుచున్నది.