పెర్ల్ బక్: 108 మంది బందిపోట్ల నిక్‌నేమ్స్‌తో నాలుగేళ్ల కుస్తీ.. చివరికి ఆమె సమాధిపై ఏ పేరుందంటే?

బందిపోట్ల నాయకుడిని ఎవరైనా వాన అని పిలుస్తారా? చైనా పాత నవల ‘షుయ్‌హు జువాన్’లో పిలుస్తారు. 108 మంది బందిపోట్ల కథ అది. నాయకుడు సాంగ్ జియాంగ్ బిరుదు.. సరైన వేళకు కురిసే వాన. కష్టంలో ఉన్నవాళ్లను డబ్బుతో ఆదుకునే గుమాస్తా కాబట్టి జనం అలా పిలిచారు. మబ్బు కోసం ఎదురుచూసే రైతుకు ఈ పేరు విడమరిచి చెప్పక్కర్లేదు. మరి వాన అనగానే గొడుగు వెతుక్కునే ఇంగ్లిష్ పాఠకుడికి? ఈ చిక్కుతో దాదాపు నాలుగేళ్లు కుస్తీ పట్టిన రచయిత్రే పెర్ల్ బక్.

ఇంతకీ ఎవరీమె?

1892 జూన్ 26న అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో పుట్టారు. తల్లిదండ్రులు మిషనరీలు. నెలల పాపగా ఉన్నప్పుడే చైనాకు తీసుకెళ్లారు. జెన్‌జియాంగ్‌లో రెండు భాషలూ మాట్లాడుతూ, ఆయా చెప్పే కథలు వింటూ పెరిగారు. అక్కడ ఆమె పేరు సాయ్ జెన్‌జూ. జెన్‌జూ అంటే ముత్యం, పెర్ల్ అన్నా అదే. సాయ్ మాత్రం పుట్టింటి పేరు సైడెన్‌స్ట్రికర్‌లోని మొదటి ముక్క. అంటే సగం అర్థాన్ని బట్టి, సగం శబ్దాన్ని బట్టి పెట్టిన పేరు!

1927లో నాన్జింగ్‌లో విదేశీయులపై దాడులు జరిగినప్పుడు ఓ పేద చైనా మహిళ తన గుడిసెలో దాచడంతో పెర్ల్ కుటుంబం ప్రాణాలతో బయటపడింది. ఆ తర్వాతే ఈ నవలను చేతిలోకి తీసుకున్నారు. లుంగ్ అనే పండితుడు సాయం చేశారు.

వీలైనంత వరకు మాటకు మాట అనువదించాలన్నది ఆమె పట్టు. నిక్‌నేమ్స్ దగ్గరే అసలు ఇబ్బంది. లూ జిషెన్‌ను పూల సన్యాసి అంటారు. వినడానికి సుకుమారంగా ఉంది కదా! కానీ ఆయన మందు తాగి, మాంసం తిని, చెట్టును వేళ్లతో సహా పెకలించే రకం. ఆ పూలు వీపు మీద పచ్చబొట్లు. సత్రం నడిపే సున్ ఎర్నియాంగ్ బిరుదు ‘ము యేచా’. ఈ యేచా ఎవరో కాదు, బౌద్ధంతో చైనా చేరిన మన సంస్కృత యక్షుడే. తెలుగువాళ్లకు యక్షిణి అంటే చాలు, ఇంగ్లిష్‌లో ఆ సౌకర్యం లేదు. ఇక హు సాన్‌నియాంగ్ బిరుదుకు అసలు అర్థమేంటో పండితులే ఇప్పటికీ తేల్చుకోలేదు.

1933లో ‘ఆల్ మెన్ ఆర్ బ్రదర్స్’ పేరుతో పుస్తకం వచ్చింది. ఈ టైటిల్‌నే లూ షున్ తప్పుపట్టారు. ఆ బందిపోట్లు అందరినీ అన్నదమ్ముల్లా ఏం చూడలేదన్నది ఆయన మాట. నిజమే, చూడలేదు. ఇంగ్లిష్ మరీ ముక్కస్య ముక్కగా ఉందనే విమర్శా వచ్చింది. అయినా చైనా మాట తీరు అందులో వినిపిస్తుంది.

అప్పటికే ‘ది గుడ్ ఎర్త్’కు పులిట్జర్ వచ్చింది. 1938లో నోబెల్ అందుకున్నప్పుడు కూడా ఆమె ప్రసంగించింది చైనా నవల గురించే. దేవానంద్ ‘గైడ్’ ఇంగ్లిష్ వెర్షన్ స్క్రిప్ట్‌లోనూ ఆమె చేయి ఉందని చాలామందికి తెలియదు.

1934లో చైనా వదిలాక మళ్లీ వెళ్లలేకపోయారు. 1972లో వీసా అడిగితే, ఆమె రచనలు చైనాను కించపరిచాయంటూ నిరాకరించారు. 1973 మార్చి 6న కన్నుమూశారు. పెన్సిల్వేనియాలోని సొంత ఫామ్‌లోనే సమాధి ఉంది. ఆ రాయిపై ఇంగ్లిష్‌లో పేరు లేదు. చైనా లిపిలో సాయ్ జెన్‌జూ అని మాత్రం ఉంది.