స్వాంటే అర్హీనియస్

లోకమున కొన్ని సత్యములు పుట్టిననాడే మన్నన పొందవు. పండితులు కాదన్నను, సభలు పెదవి విరిచినను, అవి తమ కాలము కొఱకు వేచియుండును. నిజము నిలకడమీద తెలియునని పెద్దలందురు. భూమి వేడెక్కుటకు కారణమేమి యను ప్రశ్నపై శతాబ్దమునకు పైగా సాగిన వాదమునకు ఈ సామెత చక్కగా వర్తించును. ఆ వాదమున మొదట లెక్కగట్టి మాటాడినవాడు స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడగు స్వాంటే అర్హీనియస్.

అర్హీనియస్ 1859వ సంవత్సరము ఫిబ్రవరి 19వ తేదీన ఉప్సాలా నగరమునకు సమీపమున నున్న వీక్ అనుచోట జన్మించెను. తండ్రి ఉప్సాలా విశ్వవిద్యాలయమువారి కొలువున నున్న సర్వేయరు. పువ్వు పుట్టగనే పరిమళించు నన్నట్లు, ఈ బాలుడు మూడేండ్ల ప్రాయముననే ఎవరును నేర్పకయే చదువ నేర్చెను. తండ్రి వ్రాయు లెక్కల పుస్తకములను చూచి చూచి కూడికలు పట్టుపఱచుకొనెను. అంకెలపై నాడు కలిగిన ప్రీతి ఆతనిని జీవితాంతము విడువలేదు.

1876లో ఆతడు ఉప్సాలా విశ్వవిద్యాలయమున చేరెను. అచటి భౌతికశాస్త్ర బోధన తృప్తి నొసగకపోవుటచే 1881లో స్టాక్‌హోమ్ నగరమునకు పోయి, ఎడ్లుండ్ అను శాస్త్రజ్ఞుని యొద్ద పరిశోధన సాగించెను. ఉప్పు కరగిన నీటిగుండ విద్యుత్తు ఎట్లు ప్రవహించుచున్నదను విషయమును పరిశీలించి, 1884లో సిద్ధాంత వ్యాసము సమర్పించెను. అది అంతవఱకు ఎవరును త్రొక్కని దారి. పరీక్షకులకు అది రుచింపలేదు. పట్టము నిచ్చిరి కాని, అధ్యాపక పదవికి అర్హత చాలని తక్కువ శ్రేణిలో నిచ్చిరి.

మఱియొకడైనచో క్రుంగిపోయి యుండును. అర్హీనియస్ తన వ్యాసపు ప్రతులను పరదేశములందలి విద్వాంసులకు పంపెను. రీగా నగరమునందలి రసాయన శాస్త్రజ్ఞుడు ఓస్ట్‌వాల్డ్ దానిని చదివి, దాని విలువ నెఱిగి, యువకుని చూచుటకై స్వయముగ ఉప్సాలాకు వచ్చెను. తాము తేలికగ చూచినవాని కొఱకు ఇంతటివాడు రాగా, విశ్వవిద్యాలయమువారు అర్హీనియస్‌కు అధ్యాపకుడగు అర్హతను ప్రసాదించిరి. పిమ్మట ఆతడు కొన్ని సంవత్సరములు ఐరోపా దేశములందు సంచరించి, ఓస్ట్‌వాల్డ్, బోల్ట్‌జ్‌మన్, వాంట్‌హాఫ్ మొదలగువారితో కలసి పనిచేసెను. లవణములు నీటిలో అయానులుగా విడిపోవునను సిద్ధాంతమును 1887లో సమగ్రముగ ప్రకటించెను. 1891లో స్టాక్‌హోమ్ ఉన్నత విద్యాలయమున అధ్యాపకుడై, 1895లో ఆచార్యుడయ్యెను.

ఆ దినములలో స్టాక్‌హోమ్ నందలి భౌతికశాస్త్ర సంఘమున ఒక ప్రశ్న తఱచుగ చర్చకు వచ్చుచుండెను. పూర్వ మొకప్పుడు ఉత్తర ఐరోపా అంతయు దట్టమైన మంచుచే కప్పబడి యుండెనని భూగర్భ శాస్త్రజ్ఞులు కనుగొనిరి. అంతటి మంచు ఎట్లు వచ్చెను? మరల ఎట్లు కరగెను? భూమి సూర్యుని చుట్టు తిరుగు మార్గము మాఱుటచే నని కొందఱనిరి. ఇతర కారణములు చెప్పినవారును కలరు. అర్హీనియస్ దృష్టి గాలిమీద నిలిచెను.

గాలి భూమికి కంబళి వంటిది. మబ్బు పట్టిన రాత్రి చలి తక్కువగ నుండుట పల్లెవారందఱు ఎఱిగినదే. సూర్యుని వెలుగు గాలిగుండ నేలకు దిగుచున్నది. వేడెక్కిన నేల కంటికి కనబడని ఉష్ణ కిరణములను పైకి పంపుచున్నది. గాలి ఈ వేడిని కొంత నిలుపుచున్నదని ఫ్రెంచి పండితుడు ఫూరియే 1824లోనే సూచించెను. బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డైఆక్సైడు, నిండిన గాజు గొట్టము ఎండలో ఎక్కువగ వేడెక్కునని అమెరికా స్త్రీ యూనిస్ ఫుట్ 1856లో ప్రకటించెను. నీటి ఆవిరియు, బొగ్గుపులుసు వాయువును ఉష్ణ కిరణములను పట్టి నిలుపునని 1859లో, అర్హీనియస్ జన్మించిన సంవత్సరముననే, ఐర్లండున పుట్టిన టిండల్ లండను నగరమున ప్రయోగముచే నిరూపించెను. అయితే ఆ వాయువు ఇంత పెరిగినచో ఇంత వేడి పెరుగునని ఎవరును లెక్కగట్టలేదు.

అర్హీనియస్ ఆ భారమును తలకెత్తుకొనెను. 1894 డిసెంబరు 24వ తేదీన, ఊరంతయు క్రిస్మస్ పండుగకు సిద్ధమగుచుండగా, ఆతడు కాగితము, కలము పట్టి కూర్చుండెను. గణన యంత్రములు లేని కాలమది. వెన్నెలతో కూడి వచ్చు ఉష్ణ కిరణములను అమెరికా శాస్త్రజ్ఞుడు లాంగ్లీ కొలిచి ప్రకటించిన అంకెలే ఆధారము. భూగోళమును పది పది అక్షాంశముల పట్టీలుగా విభజించి, ఒక్కొక్క పట్టీకి, ఒక్కొక్క ఋతువునకు వేఱుగా లెక్క వేసెను. మంచు కరగినచో నేల నల్లబడి మఱింత వేడిని పీల్చుననియు, గాలి వేడెక్కినచో నీటి ఆవిరి పెరుగుననియు గమనించి, ఆ మార్పులను సైతము లెక్కలో చేర్చెను. ఈ పని ఇంచుమించు ఒక సంవత్సరము పట్టెను. ఆ కాలముననే ఆతని సంసార జీవితము చెదరి, 1896లో భార్య సోఫియా వేఱైపోయెను. అట్టి దుఃఖమునందును లెక్క ఆగలేదు.

ఫలితము 1896 ఏప్రిల్ నెలలో ఇంగ్లండు నందలి ఒక శాస్త్ర పత్రికలో వెలువడెను. గాలిలోని బొగ్గుపులుసు వాయువు రెట్టింపైనచో భూమి ఉష్ణోగ్రత 5 లేక 6 సెంటిగ్రేడు డిగ్రీలు పెరుగును; ఇంచుమించు సగమునకు తగ్గినచో 4 లేక 5 డిగ్రీలు తగ్గి హిమయుగము వచ్చును. ఆతని మిత్రుడగు హోగ్‌బొమ్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు మఱియొక సంగతి కనుగొనెను. కర్మాగారములందు మండు రాక్షసిబొగ్గు నుండి వెలువడు వాయువు, ప్రకృతి గాలిలోనికి విడుచు దానితో పోల్చదగినంత కలదని ఆతని లెక్క. ఈ రెండు లెక్కలను కలిపి చూచినపుడు, మానవుడు తనకు తెలియకయే భూమి శీతోష్ణస్థితిని మార్చగలడని తేలెను.

ఇంత పెద్ద మాటను లోకము సులభముగ నమ్మునా? 1900లో ఉప్సాలాకు చెందిన భౌతిక శాస్త్రజ్ఞుడు క్నూట్ ఆంగ్‌స్ట్రోమ్ ఎదురు తిరిగెను. ఒక గొట్టమున ఈ వాయువును నింపి, దానిగుండ ఉష్ణ కిరణములను పంపగా, వాయువును మూడవ వంతు తగ్గించినను ఆవలికి వచ్చు వేడిలో చెప్పుకొనదగిన భేదము కనబడలేదు. ఉన్న వాయువే పట్టవలసినదంతయు పట్టుచుండగా అధికముగ చేర్చినందువలన ప్రయోజనమేమి? పైగా నీటి ఆవిరియు ఇంచుమించు అవే కిరణములను పట్టుచున్నది గదా? ఇది చూపునకు బలమైన వాదము. అర్హీనియస్ 1901లో బదులు వ్రాసెను. ఆతని మిత్రుడు ఎక్‌హోమ్ కూడ ఆతని పక్షమున నిలిచెను. కాని పండితులలో పెక్కుమంది ఆంగ్‌స్ట్రోమ్ మాటయే నిజమని నమ్మిరి. ప్రశ్న ఇంచుమించు అర్ధ శతాబ్దము మూలబడెను.

ఆంగ్‌స్ట్రోమ్ ప్రయోగమున మోసము లేదు. లోపము దాని అన్వయమున నున్నది. గొట్టములోని వాయువు ఒకే పొర. ఆకాశమందలి గాలి పొరలు పొరలుగా నున్నది. క్రింది పొర పట్టిన వేడిని పై పొర కందించును. అది దానిపై పొర కందించును. తుదకు పలుచని పై పొరల నుండియే వేడి అంతరిక్షమునకు పోవును. అచట నీటి ఆవిరి మిక్కిలి తక్కువ. బొగ్గుపులుసు వాయువు పెరిగినకొలది, వేడి తప్పించుకొను చోటు మఱింత ఎత్తునకు జరుగును. ఎత్తున చలి ఎక్కువ గనుక అచటినుండి పోవు వేడి తగ్గును. పోవలసిన వేడి పోకుండుటచే క్రింద నేల వేడెక్కును. కంబళిపై కంబళి కప్పుకొన్నట్లే ఇదియు.

కారణమును గుర్తించిన అర్హీనియస్ ఫలమును గుర్తించుటలో మాత్రము పొరబడెను. చలిదేశమున పుట్టిన ఆతనికి వేడి వరముగ తోచెను. 1906లో వెలువడిన తన గ్రంథమున, భూమి వేడెక్కినచో చలిదేశములు సుఖించుననియు, పంటలు హెచ్చుననియు ఆశపడెను. వాయువు రెట్టింపగుటకు ఎన్నో శతాబ్దములు పట్టునని తలచెను. మానవుడు బొగ్గును, నూనెను ఇంత వేగముగ మండించునని ఆతడు ఊహింపలేదు. ఎండకు ఎండు దేశముల గతి ఆ లెక్కలో చేరలేదు.

1903లో రసాయన శాస్త్రమున నోబెల్ బహుమానము అర్హీనియస్‌ను వరించెను. ఏ భావమునకు ఉప్సాలా పరీక్షకులు తక్కువ శ్రేణి నిచ్చిరో, ఆ భావమునకే ఈ గౌరవము లభించెను. ఆ బహుమానము పొందిన మొదటి స్వీడన్ దేశీయు డాతడే. బెర్లిను నగరమువారు పెద్ద పదవి నొసగ జూపినను స్వదేశమును విడువక, 1905లో స్టాక్‌హోమ్ నందలి నోబెల్ భౌతిక రసాయన పరిశోధనాలయమునకు అధిపతి యయ్యెను. 1927 అక్టోబరు 2వ తేదీన పరమపదించెను. ఆతని దేహమును ఉప్సాలాలో ఖననము చేసిరి.

ఆతడు పోయిన పిమ్మట వాదము మరల లేచెను. 1938లో ఆవిరి యంత్రముల ఇంజనీరగు కాలెండర్, పెక్కు దేశముల ఉష్ణోగ్రతల పట్టికలు సేకరించి, భూమి వేడెక్కుచున్నదనియు, దానికి బొగ్గుపులుసు వాయువే కారణమనియు లండనులోని వాతావరణ శాస్త్రజ్ఞుల సభలో చదివెను. సభవారు సంశయించిరి. 1958లో కీలింగ్ హవాయి ద్వీపమందలి మౌనాలోవా పర్వతముపై ఆ వాయువును కొలువ నారంభించెను. అప్పుడు గాలిలో పది లక్షల పాళ్లకు 315 పాళ్లుండెను. 2024 నాటికి అది 420 దాటెను. ఈ పెరుగుదలకు సూర్యుడే కారణమని వాదించినవారును కలరు. సూర్యుడే కారణమైనచో పై గాలియు, క్రింది గాలియు రెండును వేడెక్కవలెను. కాని కొలిచి చూడగా క్రింది గాలి వేడెక్కుచుండ, మిక్కిలి ఎత్తున నున్న గాలి చల్లబడుచున్నది. ఇట్లు జరుగునని జపానున పుట్టిన మనాబే 1967లో గణన యంత్రముచే ముందే చూపెను. ఆయనకు 2021లో నోబెల్ బహుమానము లభించెను. ఆ సంవత్సరముననే పలు దేశముల శాస్త్రజ్ఞుల సంఘము, భూమి వేడెక్కుటకు మానవుడే కారణమనుటలో సందేహము లేదని ప్రకటించెను. వాయువు రెట్టింపైనచో సుమారు 3 డిగ్రీలు పెరుగునని వారి అంచనా. అర్హీనియస్ అంకె దానికంటె పెద్దదైనను, దారి తప్పినది కాదు.

అర్హీనియస్ సర్వజ్ఞుడు కాడు. ఆతని అంకెలను తరువాతివారు సరిదిద్దిరి. ఆతని ఆశలను కాలము సరిదిద్దెను. కాని వాదమున గొంతు పెంచుటకు మాఱుగా లెక్క పెంచినవాడు, తన లెక్కను పదిమంది పరీక్షించుటకై బయట పెట్టినవాడు ఆతడు. ఇట్టివారి శ్రమవలననే వాదములు తీరును. కారణము తెలిసిన పిమ్మట చేయవలసిన పని మాత్రము తరువాతి తరములది.