అన్నదమ్ముల నడుమ గోడను వెండితెరపై చూపిన భీంసింగ్

'కలిసి ఉంటే కలదు సుఖం' చూడనివారు, 'రక్త సంబంధం' చూచి కంటతడి పెట్టనివారు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పాతతరంలో తక్కువ. టూరింగ్ టాకీసు డేరా వేసిన ఊరికి చుట్టుపక్కల పల్లెల జనం బండ్లు కట్టుకొని, సద్దిమూటలు పెట్టుకొని వచ్చి చూచిన రోజులవి. తరువాత 1978 డిసెంబర్‌లో విడుదలైన 'కరుణామయుడు' టాకీసు మొగం చూడని పల్లెలకు కూడా పోయింది. బడి ముందో, చర్చి ముందో తెల్లగుడ్డ కట్టి చూపారు. రామారావు, సావిత్రి, విజయచందర్ పేర్లు జనం నోట నిలిచాయి. ఈ మూడు చిత్రాలతోనూ సంబంధం ఉన్న ఒక మనిషి పేరు మాత్రం పల్లెలకు అంతగా చేరలేదు. ఆయన ఎ. భీంసింగ్. మొదటి రెండు చిత్రాలకు మూలమైన తమిళ చిత్రాలు ఆయన తీసినవి. మూడవదానికి దర్శకుడు ఆయనే.

భీంసింగ్ 1924 అక్టోబర్ 15న తిరుపతి ప్రాంతంలో జన్మించారు. పేరులోని సింగ్ చూచి ఎవరో ఉత్తరాది మనిషి అనుకోవడం సహజమే. వారిది రాజపుత్ర సంతతి. కాని పుట్టింది తెలుగు గడ్డ మీద, బతికింది మద్రాసులో, పేరు తెచ్చుకున్నది తమిళంలో.

1940ల చివర కృష్ణన్-పంజు అనే దర్శక ద్వయం వద్ద ఎడిటింగ్ సహాయకుడుగా చేరారు. తీసిన ఫిల్ములో ఏ ముక్క ఉంచాలి, ఏది తీసివేయాలి, దేని తరువాత దేన్ని అతికించాలి అనేది అక్కడి పని. ప్రేక్షకుడి కన్ను ఎంతసేపు నిలుస్తుందో, ఎక్కడ చెమరుస్తుందో ఆ బల్ల దగ్గర తెలిసినట్టుగా మరెక్కడా తెలియదు. కృష్ణన్ సోదరి సోనాబాయిని వివాహమాడి ఆ ఇంటి అల్లుడయ్యారు. 1952లో 'పరాశక్తి' చిత్రంతో శివాజీ గణేశన్‌ను తెరకు పరిచయం చేసింది ఈ కృష్ణన్-పంజులే.

1954లో భీంసింగ్ తొలిసారి దర్శకత్వం వహించిన 'అమ్మైయప్పన్' ఆడలేదు. 1956లో శివాజీతో 'రాజారాణి' తీశారు. 1958లో 'పతిభక్తి' విజయవంతమయింది. అప్పటి నుంచి 'ప' అక్షరంతో మొదలయ్యే పేర్లు ఆయన చిత్రాలకు ఆనవాయితీ అయ్యాయి.

వాటిలో మన పల్లెవాసులు తప్పక తెలుసుకోదగినది 1959 నాటి 'భాగపిరివినై'. తెలుగులో చెప్పాలంటే పాలు పంచుకోవడం. ఒక ఊళ్ళో ఇద్దరు అన్నదమ్ములు. అన్నకు పిల్లలు లేరు. తమ్ముడికి ఇద్దరు కొడుకులు. పెద్దవాడికి చిన్ననాడే కరెంటు తగిలి ఎడమ చెయ్యి, కాలు పడిపోయాయి. చదువూ లేదు. పొలం పని, పసుల పని అంతా వాడిదే. చిన్నవాడు పట్నంలో చదువుకున్నాడు. పెద్దమ్మకు ఈ అవిటివాడంటే గిట్టదు. ఇంతలో ఆమె తరఫు చుట్టం ఒకడు సింగపూరు నుంచి దిగి చిచ్చు పెడతాడు. ఇల్లు రెండవుతుంది. వాకిట్లో గోడ లేస్తుంది.

ఇందులో వింత ఏముందని అనిపించవచ్చు. వింత లేకపోవడమే దీని బలం. ఒక కొడుకు భూమి పట్టుకొని ఉండడం, ఇంకొకడు బొగ్గుబావి నౌకరికో, బొంబాయికో, భీవండి మగ్గాలకో పోవడం ఈ రెండు జిల్లాల ఇండ్లలో ఎప్పుడూ ఉన్నదే. పంపకాలనాడు పెద్దమనుషులు కూర్చుంటారు. పొలం కొలవడం సులువు. బావి నీళ్ళ వంతు, దొడ్డిలో చెట్టు, ముసలితల్లి ఎవరి పాలు అన్నచోట మాట పెరుగుతుంది. పంచలేనివాటి దగ్గరనే మనసులు విరుగుతాయని భీంసింగ్‌కు బాగా తెలుసు. గోడ కట్టిన తరువాత ఇవతలివారు అవతలివైపు చెవి పెట్టి మసలుకోవడం మీదనే ఆయన ఎక్కువ దృష్టి నిలిపారు.

మంచి పేరున్న కథానాయకుడు చిత్రం పొడుగునా ఒక చెయ్యి వేలాడదీసుకొని, కాలు ఈడ్చుకుంటూ నడవడం ఆనాడు సాహసమే. శివాజీ గణేశన్ ఆ పాత్రలో జీవించారు. ఉత్తమ తమిళ చిత్రంగా దీనికి రాష్ట్రపతి రజత పతకం లభించింది.

హైదరాబాదులోని సారథీ స్టూడియోస్ వారు దీన్ని తెలుగులో తలపెట్టారు. తాపీ చాణక్య దర్శకత్వంలో 1961లో 'కలిసి ఉంటే కలదు సుఖం' వచ్చింది. శివాజీ పాత్రను రామారావు ధరించారు. సావిత్రి ఆయనకు జోడి. పెద్దన్న ఎస్.వి. రంగారావు, ఆయన భార్య సూర్యకాంతం. సింగపూరు చుట్టం తెలుగులో రంగూన్ నుంచి వచ్చాడు, వేషం రేలంగిది. రంగూన్‌కు వలసపోయి వచ్చినవారు తెలుగునాట కోకొల్లలు కాబట్టి ఆ మార్పు అతికినట్టు సరిపోయింది. హిందీలో మాత్రం భీంసింగే 1965లో 'ఖాన్‌దాన్' పేరిట తీశారు. ఆ పాత్రకు సునీల్ దత్‌కు ఫిలింఫేర్ ఉత్తమ నటుడి అవార్డు దక్కింది.

కథ చివర మళ్ళీ కరెంటు తగిలి పడిపోయిన చెయ్యి బాగుపడుతుంది. ఇది సినిమాలోనే జరుగుతుంది. బయట కరెంటు తీగ పట్టుకుంటే ప్రాణం పోతుందే తప్ప చెయ్యి రాదు. ఇంత పకడ్బందీగా ఇంటి సంగతులు చెప్పిన దర్శకుడు ముగింపు దగ్గర ఇలాంటి తేలిక దారి పట్టడం ఆయనలోని లోటు.

1961లో తీసిన 'పాశమలర్' మరీ పేరుపొందింది. తల్లిదండ్రులు లేని అన్నాచెల్లెళ్ళు. కష్టపడి పైకి వచ్చిన అన్న, పెండ్లి తరువాత అతనికి దూరమయ్యే చెల్లెలు, కడకు ఇద్దరి మరణం. అన్నగా శివాజీ, చెల్లెలుగా సావిత్రి. మరుసటేడు వి. మధుసూదనరావు దర్శకత్వంలో తెలుగులో ఇది 'రక్త సంబంధం' అయింది. ముళ్ళపూడి వెంకటరమణ మాటలు రాశారు. సావిత్రి మళ్ళీ చెల్లెలే, అన్న రామారావు, భర్త మన తెలంగాణ బిడ్డ కాంతారావు. అదే 1962లో 'గుండమ్మ కథ'లో జంటగా కనిపించిన రామారావు, సావిత్రిలను జనం అన్నాచెల్లెళ్ళుగా ఒప్పుకున్నారంటే కథ పట్టు ఎంతటిదో తెలుస్తుంది. ఆ ఏడే వచ్చిన 'ఆత్మబంధువు' కూడా భీంసింగ్ తమిళ చిత్రం 'పడిక్కాద మేధై'కి తెలుగు రూపమే. కన్నకొడుకులు వేరుపడిపోగా, చదువురాని పెంపుడువాడు ఆ ముసలివారిని ఆదుకునే కథ. రంగారావు రెండు భాషల్లోనూ ఇంటి యజమాని పాత్ర పోషించారు.

ఏ.వి.ఎం. వారి 'కళత్తూర్ కణ్ణమ్మ' చిత్రాన్ని మొదలుపెట్టింది తాతినేని ప్రకాశరావు. ఆయన నడుమ తప్పుకోగా భీంసింగ్ పూర్తిచేశారు. 1960లో విడుదలైన ఆ చిత్రంలోనే పసివాడుగా కమల్ హాసన్ తొలిసారి కనిపించాడు. ఆ తరువాత భీంసింగ్ హిందీకి పోయి దిలీప్ కుమార్‌తో 'ఆద్మీ', 'గోపి' తీశారు. తెలుగులో రామారావుతో 1970లో 'ఒకే కుటుంబం', 1976లో 'బంగారు మనిషి' తీశారు.

ఆయన కుటుంబ కథలన్నిటిలో ఒక తీరు కనిపిస్తుంది. ఇల్లు విరిగిందంటే దోషం ఒక ఆడదాని నోటిదే. పెద్దమ్మో, అత్తో, యారాలో. భూమి కోసం గట్టు జరిపే మగవాడు చాలావరకు తప్పించుకుంటాడు. పెద్దమనుషుల ముందు కూర్చున్న ఎవరికైనా ఇది సగం నిజమేనని తెలుసు.

ఈ లెక్కను ఆయనే చివరి దశలో తిరగవేశారు. సాహిత్య అకాడమీ బహుమతి పొందిన జయకాంతన్ నవల 'సిల నేరంగళిల్ సిల మనితర్గళ్' ఆధారంగా తక్కువ ఖర్చుతో, రంగులు లేకుండా ఒక చిత్రం తీశారు. వానలో నిలబడిన కాలేజీ పిల్లను కారు ఎక్కించుకొని ఒకడు చెరుపుతాడు. ఆ పిల్ల ఇంటికి వచ్చి దాచకుండా చెబుతుంది. తోడబుట్టిన అన్ననే ఆమెను ఇంటి నుంచి వెళ్ళగొడతాడు. 'పాశమలర్' అన్న ఎక్కడ, ఈ అన్న ఎక్కడ! కలిసి ఉండడమే సుఖమని ఏండ్ల తరబడి చెప్పిన మనిషి, ఇల్లు పరువు కోసం తన బిడ్డనే బయట పడవేయడాన్ని ఏ కరెంటు మహిమా లేకుండా చూపారు. ఆ పాత్రకు లక్ష్మికి జాతీయ ఉత్తమ నటి అవార్డు లభించింది. ఆమె తెలుగు చిత్రరంగ పూర్వీకుడు వై.వి. రావు కుమార్తె. ఈ చిత్రానికి తెలుగు రూపమంటూ మన టాకీసులకు వచ్చి ఉంటే ఎంత చర్చ జరిగేదో!

1978 జనవరి 16న భీంసింగ్ మద్రాసులో కన్నుమూశారు. అప్పటికి 53 ఏండ్లు. జయకాంతన్ మరో నవల ఆధారంగా తీసిన 'ఒరు నడిగై నాడగం పార్కిరాళ్' ఆయన పోయిన తరువాతనే విడుదలయింది. 'కరుణామయుడు' సైతం అంతే. కొడుకు లెనిన్ తండ్రి మొదట నేర్చిన ఎడిటింగ్ పనినే పట్టుకొని జాతీయ అవార్డులు అందుకున్నారు. ఆ ఏడాది క్రిస్మస్‌కు నాలుగు రోజుల ముందు 'కరుణామయుడు' విడుదలయింది. దర్శకుడిగా భీంసింగ్ పేరే తెరపై పడింది.