అల్లాడి కృష్ణస్వామయ్యరుగారు – విద్యాలయ ద్వారము

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములు మద్రాసు రాష్ట్రమున నుండిన కాలమున, వైద్యవిద్యకో ఇంజనీరింగు విద్యకో ఈ సీమనుండి దరఖాస్తు పెట్టుకొనిన బాలుని భాగ్యమును కమ్యూనలు జీ.ఓ. అను ఉత్తరువు నిర్ణయించుచుండెను. దానిని న్యాయస్థానమున నెదిరించిన అల్లాడి కృష్ణస్వామయ్యరుగారి జీవితము మన పాఠకులకు స్మరణీయము.

వారు 1883లో నెల్లూరు మండలమందలి పుదూరున దేవాలయార్చకుని కుమారులుగ జన్మించిరి. మద్రాసున న్యాయవాదులై కీర్తి గడించి, 1929 మొదలు 1944 వరకు అడ్వొకేటు జనరలు పదవి నలంకరించిరి. 1947లో రాజ్యాంగ రచనాసంఘ సభ్యులైరి.

ఆ ఉత్తరువు ప్రకారము ప్రతి 14 స్థానములలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియనులకును దేశీయ క్రైస్తవులకును 1, మహమ్మదీయులకు 1. రాష్ట్రమందలి 4 ప్రభుత్వ వైద్యకళాశాలలలో నుండినవి 330 స్థానములు మాత్రమే. తన వర్గపు స్థానములు నిండినచో, ఎన్ని మార్కులు వచ్చినను విద్యార్థికి ప్రవేశము లేదు. 1950లో చంపకం దొరైరాజన్, శ్రీనివాసన్ అనువారలు హైకోర్టు నాశ్రయించిరి. ఇంజనీరింగు విద్య గోరిన శ్రీనివాసన్ పక్షమున అల్లాడివారు వాదించిరి. కేవలము కులమతాదుల కారణమున ప్రభుత్వ విద్యాలయములందు ప్రవేశము నిరాకరింపరాదని రాజ్యాంగపు 29వ అధికరణము శాసించుచున్నది. ఉత్తరువు చెల్లదని హైకోర్టు 1950 జూలైలోను, సుప్రీముకోర్టు 1951 ఏప్రిల్ 9వ తేదీనను తీర్పు చెప్పెను.

అయితే తరతరములుగ బడి వాకిటనే నిలిచిపోయిన హరిజన బాలుని మాట యేమి? ఉత్తరువుతో గూడ వానికిచ్చిన రెండు స్థానములును పోయెను. కావుననే పార్లమెంటు 1951 జూనులో రాజ్యాంగమును సవరించి, వెనుకబడిన వర్గములకును హరిజన గిరిజనులకును ప్రత్యేక సదుపాయములు కల్పించుటకు 15వ అధికరణమున వీలు కలిగించెను. ఈ సవరణ తీర్పునకు అవమానము కాదు, దానికి పూరకమని మా యభిప్రాయము. యోగ్యుడగు విద్యార్థిని కులము పేర ద్రోసివేయుట అన్యాయము. అణగద్రొక్కబడిన వానికి చేయూత నీయకుండుటయు అన్యాయమే.

కర్నూలు రాజధానిగ ఆంధ్రరాష్ట్రమవతరించిన రెండుదినములకే, 1953 అక్టోబరు 3వ తేదీన, అల్లాడివారు కీర్తిశేషులైరి. వారు చేపట్టిన 29వ అధికరణము పట్టణపు కళాశాలకే గాక పల్లెలోని సర్కారుబడికిని వర్తించును. గ్రామములందు పలుకుబడి గల పెద్దలు ఈ మాట మరువకుందురు గాక. పేదబాలుడు కోర్టు మెట్లెక్కకమునుపే బడితలుపు తెరచియుంచుట వారి విధి.