అప్పు లేని దైవసేవకుడు – జార్జి ముల్లర్

ధ్యాన భాగములు: రోమా 13:7-10, లూకా 12:22-34



జార్జి ముల్లర్ గారి పేరు వినని వారు మన సంఘములలో అరుదు. ప్రార్థనచేతనే వేలకొలది అనాథ బిడ్డలను పోషించిన భక్తుడని ఆయనను తలంచుకొందుము. ఆ ప్రార్థనను గూర్చి మనము తరచుగా మాటలాడుకొందుము గాని, దాని వెనుకనున్న విధేయతను గూర్చి అంతగా మాటలాడుకొనము. ఈ నెల దానినే ధ్యానింతము.

ఆయన 1805లో ప్రష్యా దేశమున జన్మించెను. తండ్రి సర్కారు పన్నులు వసూలుచేయు ఉద్యోగి. పదియేండ్లు నిండకముందే ఆ బాలుడు తండ్రియొద్దనున్న సర్కారు సొమ్మును దొంగిలించుట మరిగెను. పదునారేండ్ల ప్రాయమున పూటకూళ్ల ఇంట దిగి, బాకీ చెల్లింపక జారుకొనబోయి పట్టుబడి, చెరసాలలో నుండెను. తరువాత బోధకుడగుటకై హాలె విశ్వవిద్యాలయమున చదువుచున్నప్పుడు సహా ఆయనకు బైబిలు చదువు అలవాటు లేదు. 1825లో ఒక స్నేహితునితో కలిసి ఒక ఇంటిలో జరుగు చిన్న ప్రార్థన కూటమునకు వెళ్లెను. మోకాళ్లూని ప్రార్థించు మనుష్యుని అక్కడ చూచెను. ఆ రాత్రి ఆయన బ్రతుకు మలుపు తిరిగెను.

1829లో ఆయన ఇంగ్లండు చేరి, మరుసటి సంవత్సరము టిన్మత్ అను ఊరిలో చిన్న సంఘమునకు కాపరి ఆయెను. అదే ఏట మేరీ గ్రోవ్స్ అను ఆమెను వివాహమాడెను. ఆమె అన్నగారైన ఆంథొని నోరిస్ గ్రోవ్స్ దంతవైద్యుడు. ప్రభువు చెప్పిన మాటను ఉన్నదున్నట్లుగా నమ్మి, మంచి రాబడిగల వృత్తిని విడిచి సువార్తకై బయలుదేరిన వాడు. 1836లో బౌడెన్, బీర్ అను దైవసేవకులను, వారి భార్యలను మన దేశమునకు తీసికొనివచ్చినది ఈ గ్రోవ్స్ గారే. నరసాపురమున మొదలైన గోదావరి డెల్టా పరిచర్యకు వారే పునాది వేసిరి. కనుక ఈ కుటుంబపు విధేయతకు మన తెలుగు సంఘములును ఋణపడియున్నవి.

ఆ దినములలో ఇంగ్లండు గుడులలో కూర్చుండు బల్లలకు అద్దె కట్టుచుండిరి. ధనవంతులకు మంచి చోటు, బీదలకు మిగిలిన చోటు. ఆ అద్దె సొమ్మునుండియే కాపరికి జీతము. యాకోబు పత్రిక 2వ అధ్యాయము చదివినప్పుడు ముల్లర్ గారికి ఇది తప్పని తోచెను. వాక్యమును మెచ్చుకొని ఊరకుండలేదు. బల్లల అద్దెను మాన్పించి, జీతమును వదలుకొనెను. గుడిలో ఒక పెట్టె ఉంచి, ఇష్టమైనవారు అందులో వేయవచ్చునని తెలిపెను. లూకా 12:33 చదివిన పిమ్మట, ధనము కూడబెట్టుకొనకూడదని ఆ దంపతులు నిశ్చయించుకొనిరి. చేతిలో చిల్లర మాత్రమే మిగిలిన దినములు వారికి కలిగెను. అయినను అప్పు చేయలేదు. రోమా 13:8 వారికి గోడమీది వాక్యము కాదు, ఇంటి కట్టడ.

1832లో హెన్రీ క్రెయిక్ అను సహోదరునితో బ్రిస్టల్ పట్టణమునకు వెళ్లి, 1836లో అక్కడ అనాథ శరణాలయము తెరచెను. మొదట రొట్టెకును పాలకును వారమునకొకసారి లెక్క తీర్చుచుండిరి. ఒకప్పుడు ఆయన ఇట్లు ఆలోచించెను: దేవుడు ఏ దినమున కా దినము ఇచ్చుచుండగా, వారము గడచువేళకు సొమ్ము లేనియెడల మనము అప్పుపడినవారము కామా? అది మొదలు ఏ పూట సరుకు ఆ పూటే సొమ్మిచ్చి కొనవలెనని నియమించెను. వర్తకుడు అరువిచ్చెదనన్నను తీసికొనలేదు. సొమ్ము లేనప్పుడు ఆయనయు తోడి పనివారును కూడి ప్రార్థించిరి. తమ సొంత సొమ్ము ఇచ్చిరి. లేకున్నను జరుగు వస్తువులను అమ్మిరి. తమ కొరతను పైవారికి చెప్పుకొనలేదు. అట్లే ప్రతి యేట లెక్కలు అచ్చువేయించి అందరికిని చూపిరి.

1870 నాటికి బ్రిస్టల్‌లో ఐదు పెద్ద గృహములు లేచి, 2,000 మందికి పైగా బిడ్డలకు చోటు కలిగెను. ఆయన జీవితకాలమున సుమారు 10,000 మంది అనాథలు పోషింపబడిరి. 15 లక్షల పౌన్లవరకు ఆయన చేతిమీదుగా వ్యయమాయెను. 1898 మార్చి 10న, తన 92వ ఏట ఆయన ప్రభువునందు నిద్రించినప్పుడు, ఇంటి సామానుతో కలిపి ఆయన సొంత ఆస్తి సుమారు 160 పౌన్లు మాత్రమే. బాకీ ఎగవేయబోయి చెరసాల చూచిన పిల్లవానిని దేవుని వాక్యము ఇట్లు మార్చెను.

ప్రియులారా, మన సంగతి ఏమి? పంట పోయినందునను, ఇంట జబ్బు కలిగినందునను అప్పుపడినవారు మనలో గలరు. వారిని చిన్నచూపు చూచుట ప్రభువు మనస్సు కాదు. వారి భారము మోయుట సంఘము పని. అయితే పెండ్లి ఆడంబరమునకు, పండుగ బట్టలకు అప్పు చేసి, అప్పిచ్చినవాని ఎదుట పడక సందు మార్చి నడచి, ఆదివారము ముందు వరుసలో పాటలు పాడుట తగునా? సాయంకాలము కూలివానికి రేపు రమ్మని చెప్పి పంపి, ఆ రాత్రి కుటుంబ ప్రార్థన చేయుట తగునా? మన గుడిలో ఉద్యోగికి కుర్చీ, విధవరాలికి చాప వేయుట లేదా?

ముల్లర్ గారు పొందిన జవాబులను మనము కోరుదుము. ఆయన విధేయత అడుగగా, అది ఆ కాలపువారికని తప్పించుకొందుము. వాగ్దానము ఉన్నదున్నట్లుగా మనదైనయెడల, ఆజ్ఞయు ఉన్నదున్నట్లుగా మనదే.

ఈ నెల మనమందరము ఒక్క పని చేయుదము. మనము ఎవరికి ఏమి ఇయ్యవలసియున్నదో ప్రార్థనలో కూర్చుండి వ్రాసికొందము. ఇయ్యగలిగినది ఈ వారమే ఇచ్చివేయుదము. ఇయ్యలేనిచో వారి యింటికి మనమే వెళ్లి, దాగక మాటలాడి, గడువడుగుదము. అప్పుడు మోకాళ్లూనుదము. ఆ ప్రార్థన తేలికగా పైకి లేచును. ప్రభువు మనకు ఆ కృప దయచేయును గాక. ఆమేన్.